ముందు ఎవరి ఇల్లు?

వరద నీళ్లు తోడడం, బురద ఎత్తడం, తడిసిన ఇళ్లు ఆరబెట్టడం మా పని. కర్నూలులో షాపు. మామూలు రోజుల్లో సంపులు కడుగుతాం, కారే స్లాబులు చూస్తాం, కాలిపోయిన మోటార్లు రీవైండింగ్ చేస్తాం. ఎలాగో నడుస్తుంది. ఊరు మునిగినప్పుడు మాత్రం ఫోను కింద పెట్టనివ్వరు. తిట్లు మొదలయ్యేదీ అప్పుడే. మునిగినోళ్ల కాడ డబ్బులు చేసుకుంటున్నారంటారు. అందులో కొంత నిజముంది కాబట్టి నేను ఎదురు వాదించను. వాన పడగానే డీజిల్ పంపు అద్దె రెట్టింపు చేసేవాళ్లను నేనూ చూశాను. కానీ రేటు మీద అంత గొడవపడే జనం వరుస గురించి ఒక్క మాట అడగరు. ఉన్న పంపులు కొన్నే, మునిగిన ఇళ్లు వేలు. ముందు ఎవరింటికి వెళ్లాలి? మా పనిలో జరిగే పెద్ద అన్యాయమంతా ఇక్కడే జరుగుతుంది, అదీ ఎవరికీ కనపడకుండా.

రేటు పైసా పెంచలేదనుకుందాం. అప్పుడేమవుతుంది? డబ్బు చేయాల్సిన పనిని పలుకుబడి చేసిపెడుతుంది. "అన్నా, సార్ చెప్పమన్నాడు, మనది ఫస్ట్ చూడాలంట" అని ఒక ఫోను. ఆ సార్ ఎవరో అడగక్కర్లేదు, గొంతులోనే తెలిసిపోతుంది. ఏడాది పొడుగునా మాతో పని చేయించుకునే లాడ్జి ఓనరు నుంచి ఇంకో ఫోను. చుట్టాల నుంచి మరొకటి: "ఏం మామా, మనోళ్లకే చేయకుంటే ఎట్ల?" మా నంబరే తెలియని ఇల్లు ఈ లిస్టులో చిట్టచివరకు కూడా రాదు. బిల్లు చూస్తే న్యాయంగానే ఉంటుంది. బిల్లులో వరుస రాయరు కదా.

2009 అక్టోబరు 2ను కర్నూలు వాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. అంతకు ముందు దాకా వానల్లేవని మొత్తుకున్న ఏడాది అది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేశాయి. దిగువన శ్రీశైలం జలాశయంలో పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదకు 896 దాకా పోయింది. ఇన్‌ఫ్లో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటికి నాది రీవైండింగ్ షాపు మాత్రమే. నీళ్లు తీశాక షాపు ముందు మోటార్లు గుట్టలు పడ్డాయి. మునిగిన మోటారు చచ్చినట్టు కాదు. విప్పి మంచినీళ్లతో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, మెగ్గర్ మీటరు పెట్టి తీగ మీది ఇన్సులేషన్ కరెంటును ఆపుతోందో లేదో చూసుకుంటే చాలావరకు మళ్లీ తిరుగుతుంది. ఆ సంగతి తెలియక పాత ఇనుముకు వేసినవాళ్లు ఎంతమందో.

ఆ రోజుల్లో ఒకటి గమనించాను. మెయిన్ రోడ్డు మీద షోరూముల సెల్లార్ల ముందు పంపులు రాత్రింబవళ్లు ఆడుతున్నాయి. వెనక సందుల్లో ఆడవాళ్లు బిందెలతో, చాటలతో తోడుకుంటున్నారు. పంపు అద్దెకిచ్చినవాడిని తప్పుపట్టలేం. అడిగాడు, ఇచ్చాడు. విచిత్రమేమిటంటే సెల్లారుకు అంత తొందరే అక్కర్లేదు. చుట్టూ నేల నీళ్లు తాగి బరువెక్కి ఉన్నప్పుడు లోపలి నీళ్లు ఒక్కసారిగా తోడేస్తే బయటి ఒత్తిడికి గోడలు లోపలికి కూలతాయి, ఫ్లోరింగు పైకి లేస్తుంది. బయట నీళ్లు దిగాక రోజుకు మూడో వంతు చొప్పున తోడాలి. అంటే ఆగగలిగిన చోట పంపులు ఆడాయి, ఆగలేని చోట బిందెలు ఆడాయి.

ఏది ఎంతసేపు ఆగగలదో పని తెలిసినవాడికి తెలుసు. వరుస ఆ లెక్క మీద నడవాలని నా వాదన. ఎవరిది పెద్దిల్లు, ఎవరు ముందు ఫోను చేశారు, ఎవరు అడ్వాన్సు పంపారు అన్నది తరవాత. ముందు ఫోను చేసినవాడికి ముందు అనే పద్ధతి పైకి న్యాయంగా కనపడుతుంది గానీ, నీళ్లలో ఫోను పోగొట్టుకున్నవాడి సంగతి అది చూడదు.

ఇళ్లలో అన్నిటికన్నా ముందు తాగే నీళ్ల సంపు. వరద నీళ్లంటే వాన నీళ్లు కాదు. మురికి కాలువ, సెప్టిక్ ట్యాంకు, చచ్చిన జంతువు అన్నీ కలిసినవి. సంపు మొత్తం తోడి, బురద ఎత్తి, గోడలు రుద్ది, గాఢమైన బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మళ్లీ నింపాలి. ఒక మనిషి, చిన్న పంపు, ఒక పూట. దీనికి ఎవరూ సిఫార్సు ఫోను చేయించరు, సోఫాలకు చేయిస్తారు. ఒక చిన్న మాట ఇక్కడే చెప్పేస్తాను. బ్లీచింగ్ పౌడరు మంచిదైతే, అంటే అందులో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటే, మామూలు నీళ్లలో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. కలిపి గంట ఆగి తాగాలి. జనం గుప్పెళ్లతో వేస్తారు. ఆ కంపుకు ఇంట్లో ఎవరూ నోట పెట్టరు, పోయి పక్క బోరు నీళ్లు అడ్డగోలుగా తాగుతారు. లేదంటే మూత తీసిన ప్యాకెట్టు నెలల తరబడి మూల పడేసి, సత్తువంతా పోయిన పొడి వేసి, వేశాం కదా అని ధైర్యంగా ఉంటారు.

తరవాత బురద. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, సమయం తెలియాలి. నీళ్లు గడప దిగుతుండగానే లోపలి బురదను కదిలించి ఆ నీళ్లతోనే బయటికి తోసేయాలి. నల్లరేగడి కలిసిన ఒండ్రు ఒకసారి ఎండిందంటే పారకు లొంగదు, గడ్డపార కావాలి. గడ్డపార పడితే బండలు పగులుతాయి. పునరావాస కేంద్రం నుంచి ఆలస్యంగా ఇల్లు చేరే కుటుంబానికి ఆ అదను దాటిపోయి ఉంటుంది. అందుకే ఖాళీగా ఉన్న ఇళ్లలో బురద తోయడానికి మా మనుషుల్ని పంపుతాం, వీధి వాళ్లను సాక్షిగా నిలబెట్టుకుని. తాళం పగలగొట్టారని పంచాయితీ కూడా అయింది ఒకసారి. అయినా పంపుతాం.

బట్ట, దూది, ప్లైవుడ్. తడిసిన 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. దూది పరుపు సంగతి మరిచిపోవచ్చు. ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టు నొక్కి చేసిన పలక, దాని కప్‌బోర్డు ఉబ్బిందంటే దాన్ని ఏ మిషనూ మళ్లీ పలక చేయలేదు. నేరుగా ఆ మాట చెప్తే కస్టమరుకు కోపం వస్తుంది: "లక్షలు పెట్టి చేయించినాం సార్, ఏదో ఒకటి చేయండి." ఏదో ఒకటి చేసి బిల్లు వేయడం సులభమే. చేయకూడదు. అదే ఇంట్లో తాతల నాటి టేకు మంచం కడిగి, నీడలో గాలి తగిలేలా పెడితే నిక్షేపంగా లేస్తుంది.

గోడలు ఆగుతాయి. మా పనిలో అందరూ తల్లకిందులు చేసేది ఇదే. ఇటుక గోడ ఆరడానికి ఒక మోటు లెక్కుంది, అంగుళానికి నెల. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరినా నాలుగైదు నెలలు. 2009లో వరద పోయిన పదిహేను రోజులకు, అక్టోబరు 17న, దీపావళి వచ్చింది. ఊరంతా పుట్టీ, పెయింటు. పండగకు ఇల్లు చీకటిగా ఉంచలేం అన్నారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. సంక్రాంతికి చూస్తే గోడల నిండా బుడగలు. గోరుతో గీరితే పుట్టీ పొరలుగా ఊడి, దాని వెనక తెల్లటి ఉప్పు మెత్తగా వేళ్లకు అంటేది. లోపలి తేమ బయటికి వస్తూ ఉప్పును మోసుకొస్తుంది, పైన పెయింటు దాని దారి మూసేస్తుంది, అది పెయింటును తన్నుకుని బయటపడుతుంది. ఇప్పుడు మేం తేమ కొలిచే మీటరు పెట్టి చూపిస్తాం. పైకి పొడిగా ఉన్న గోడ మీద అంకె ఎంతుందో చూశాక కూడా కొందరు పెయింటరును పిలుస్తారు. అలాంటివాళ్లకు సున్నం వేసుకోమంటాను. అది గోడను ఊపిరాడనిస్తుంది, ఖర్చు తక్కువ, పండగా గడుస్తుంది.

మన పల్లెల్లో మట్టితో కట్టిన రాతి గోడలు, పైన చౌడు మట్టి పరిచిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాటికి బ్లోయర్లు పెట్టడం హానే. పైపొర తొందరగా ఎండి, లోపల తడి ఉండిపోయి, గోడ బీటలు వారుతుంది. వాటికి కావాల్సింది మనుషులు, గుంజలు. సామాను బయటికి తీసి, మిద్దె మీద నిలిచిన నీళ్లు దించి, గోడకు, దూలానికి ఊతం పెట్టి, ఆ రాత్రి లోపల ఎవరినీ పడుకోనివ్వకూడదు. వాన వెలిసి ఎండ కొట్టాక కూలే ఇళ్లు ఎక్కువగా ఇవే. పేదవాడి ఇంటికి అర్జెంటుగా కావాల్సింది మా సామాన్లన్నిట్లోకీ చవకది. అయినా అందరికన్నా చివర అందేది కూడా అదే. దీనికి డబ్బుతో పనిలేని కారణం ఒకటుంది. వాళ్లు అడగరు. అడగొచ్చని వాళ్లకు తెలియదు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు నది పులపుత్తూరు, మందపల్లి, గుండ్లూరు ఊళ్ల మీద పడింది. అప్పటికి అదంతా కడప జిల్లా. మేం పంపులు వేసుకుని పోయాం గానీ అక్కడ తోడడానికి నీళ్లు లేవు, ఉన్నది ఇసుక. ఇళ్లలో, చేలల్లో మేటలు. ఒక ముసలమ్మ రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. పాసు పుస్తకం, రిజిస్ట్రేషన్ కాగితాలు, కొడుకు పెళ్లి ఫొటోలు అన్నీ ఒక్క ముద్దయి ఉన్నాయి. "ఎండలో ఆరేద్దునా నాయనా?" అంది. అప్పటికే పైకాగితం మూల విప్పబోయింది, స్టాంపు దగ్గర పీలిక ఊడి ఆమె వేలికి అతుక్కుంది. ఆపమన్నాను. ముద్దను ముద్దగానే పాలిథీన్ కవర్లో పెట్టి, రాజంపేటలో కరెంటున్న ఒక ఐస్‌క్రీమ్ షాపు డీప్ ఫ్రీజర్‌లో పెట్టించాం. గడ్డకట్టించిన కాగితానికి బూజు రాదు, సిరా ఇంకా పాకదు. తరవాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి విడదీయొచ్చు. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా వీటికి అంటుతుంది. షాపాయన ఏమీ అనలేదు. "ఐస్‌క్రీములన్నీ ఎప్పుడో నీళ్లయిపోయినాయి, పెట్టుకో అన్నా, ఖాళీగానే ఉంది" అన్నాడు. ఆ పనికి ఆమె నా దగ్గర ఏ వరుసలోనూ లేదు, ఏ బుకింగూ లేదు. మేం ఇసుకలో పంపులు దింపాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే ఎదురొచ్చింది, అంతే. ఆ ఊళ్లలో అలాంటి పెట్టెలు ఇంకెన్ని ఎండలో ఆరాయో.

బయటి ఊళ్ల కాంట్రాక్టర్లు లారీల మీద డీహ్యుమిడిఫైయర్లు, అంటే గదిలో గాలి చెమ్మ లాగే మిషన్లు, తెచ్చి దించడం ఈ మధ్య మొదలైంది. మిషన్లంటే నాకేమీ పడదని కాదు, నా దగ్గరా ఉన్నాయి. కానీ ఆ పద్ధతులన్నీ చెక్క ఫ్రేములు, జిప్సం బోర్డుల ఇళ్లున్న దేశాల నుంచి వచ్చినవి. మనవి ఇటుక, రాయి, సిమెంటు, కింద కడప బండలో బేతంచెర్ల బండలో. అదీకాక అనంతపురంలో ఏడాది మొత్తానికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 2022 అక్టోబరులో నడిమి వంక వాగు పొంగి అక్కడి కాలనీలు మునిగినప్పుడు, వాన తెరిపి ఇచ్చిన పూటల్లో కిటికీలు బార్లా తీసి, ఎదురెదురుగా పెడస్టల్ ఫ్యాన్లు పెడితే ఆరినంత బాగా ఏ మిషనుకూ ఆరలేదు. కడపలో నవంబరులో సంగతి వేరు. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి ఉంటుంది, కిటికీ తీస్తే బయటి చెమ్మే లోపలికి వస్తుంది. 2020లో నివర్ తుపానుకు బుగ్గవంక వాగు ఊళ్లోకి వచ్చినప్పుడు తలుపులు మూసి మిషను పెట్టిన గదులే ముందు ఆరాయి. ఒకే మిషను ఒకచోట అవసరం, ఇంకోచోట షో. అది చూడకుండా గదికి ఇంత, రోజుకు ఇంత అని మీటరు తిప్పేవాళ్లతోనే నాకు పేచీ.

ఇక మీరు అడగబోయే ప్రశ్న: ఇలా వరుస పాటిస్తే షాపు నడుస్తుందా? నడుస్తుంది, ఇరుకుగా. పంపులు, జనరేటరు, డీజిల్, కూలీలు, బ్యాంకు కంతు ఇవన్నీ వరదలో ఆగవు. ఉచితంగా చేయండి అనేవాళ్లుంటారు. మురికినీళ్లలో మోకాలి దాకా దిగి, తేళ్లు, పాములు చూసుకుంటూ పని చేసేవాడికి మామూలు కూలి కన్నా ఎక్కువే ఇవ్వాలి. అది ఎక్కడినుంచో రావాలి. మేం రేటు ఒక కాగితం మీద రాసి షాపు షట్టరుకు అంటిస్తాం. సంపుకు, బురదకు తక్కువ. సెల్లారుకు, షోరూముకు ఎక్కువ, కానీ ఎక్కువ ఇచ్చినంత మాత్రాన ముందు కాదు. ఆ రెండూ కలిపితేనే లెక్క సరిపోతుంది. సెల్లారు వాళ్లు గొణుగుతారు. మూడు రోజులు ఆలస్యమైతే మీ గోడలకే మంచిదని చెప్తే సగం మంది నమ్మరు, ఇంకో సగం వేరేవాళ్లను పిలుచుకుంటారు. పిలుచుకోనీ.

ఆసుపత్రులతో మాకు ముందస్తు ఒప్పందాలున్నాయి. అది వరుస తప్పించడం కాదా అని ఒక మిత్రుడు నిలదీశాడు. ఆసుపత్రి జనరేటరు గది మునిగితే ఐసీయూ ఆగుతుంది, కాబట్టి అది ఎలాగూ లిస్టులో మొదటే ఉండాలి, ఒప్పందం దాన్ని రాతలో పెట్టిందంతే. అదే ఒప్పందం బంగారు షాపు అడిగితే రాయను. ఒకరు అడిగారు కూడా, మంచి మొత్తానికి.

ఇన్సూరెన్సు ఉన్న ఇళ్ల సమస్య ఇంకో రకం. 2021 ఏప్రిల్‌లో భారత్ గృహ రక్ష అని ఒకే తీరు ఇంటి పాలసీ వచ్చింది, వరద నష్టం అందులోనే కవరవుతుంది. మన దగ్గర తీసుకున్న ఇళ్లు తక్కువ. హోమ్‌లోను పెట్టినప్పుడు ఏదో పాలసీ అంటగట్టిన సంగతి కొందరికి గుర్తే ఉండదు, కాబట్టి లోను ఫైలు ఒకసారి తిరగేయండి. ఉన్నవాళ్లు నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దంటారు, బూజేమో సర్వేయరు కోసం ఆగదు. గోడ మీద నీటి గుర్తు దగ్గర తేదీ రాసి ఫొటోలు తీసి, వీడియో తీసి, కోసేసిన ప్లైవుడ్‌లో ఒక ముక్క దాచి, కంపెనీకి మెసేజి పెట్టి, పని మొదలుపెట్టాలి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతే.

నా ఒక్కడి షాపు వరుస పాటిస్తే ఊరికి పెద్దగా ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు. ఊళ్లో పంపులున్నవాళ్లు ఎంతోమంది: బోరు మెకానిక్కులు, సెంట్రింగు మేస్త్రీలు, పొలాలకు ఆయిలింజన్లు అద్దెకిచ్చేవాళ్లు. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి, కర్నూలు మునిగిన రోజుకు సరిగ్గా పదేళ్లకు. ఆ తేదీ గాంధీ జయంతి కోసం పెట్టిందేలెండి. వానాకాలానికి ముందే ప్రతి వార్డులో పంపులున్నవాళ్ల పేర్లు, గంట అద్దె రాసుకుని, వరదొచ్చాక ఏ ఇంటికి ఏ వరుసలో వెళ్తున్నారో సచివాలయం గోడ మీద రాయమంటున్నాను. ముసలివాళ్లు, బాలింతలు, మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లు ఎవరివో వార్డు సిబ్బందికి మనకన్నా బాగా తెలుసు. గోడ మీద రాసిన వరుసను ఫోను చేసి మార్చడం కష్టం, పది మంది చూస్తుంటారు. ఇది చెప్తే ఒక అధికారి "బాగుంది, రాసి ఇవ్వండి" అన్నారు. రాసిచ్చాను. ఆ కాగితం ఏమైందో తెలియదు గానీ మా వీధిలో మేం అలా రాస్తున్నాం, షట్టరు మీదే, రేటు కాగితం పక్కన.

ఆ ఇళ్ల వరుసలో అందరికన్నా పైన మా కుర్రాళ్ల ఇళ్లుంటాయి. ఇది చూసి జనం ముఖం మీదే అడుగుతారు: "ఊరికి నీతులు చెప్పి మీ ఇళ్లు ముందు పెట్టుకుంటిరే?" మా దగ్గర పని చేసేవాళ్లలో ఎక్కువమందివి హంద్రీ ఒడ్డు ఇళ్లు, నీళ్లు ముందు వచ్చేది వాళ్లకే. సొంతింట్లో బురద అలాగే ఉండి, పిల్లలు బంధువుల ఇంట్లో ఉంటే, వాడు మీ ఇంట్లో పార పట్టుకుని నిలబడతాడే గానీ మనసు పెట్టడు, సగం మంది రెండో రోజు రారు. వాళ్లకు సంపు, బురద వరకు ఒక పూట పని. గోడలకు, సామానుకు అందరితో పాటే. దీని మీద నేను చర్చకు రాను. మిగతా వరుస మీద ఎవరికైనా అభ్యంతరముంటే షాపుకు రండి, సుద్దముక్క ఇస్తాను, మీరే రాయండి.